పెట్రోలు కొట్టించగానే కారు మొరాయిస్తోందా?

మా కారుకి ఒక వింత జబ్బు ఉండేది. ట్యాంకు అడుగంటి ఎర్ర లైటు వెలుగుతున్నప్పుడు తాళం ఇలా తిప్పితే అలా లేచేది. కడుపు నిండా పెట్రోలు పోయించుకున్నాక మాత్రం మొండికేసేది. సెల్ఫ్ బాగానే తిరిగేది. ఆరేడు సెకన్లు గిర్రున తిరిగి, ఇంజన్ ఒకసారి తుమ్మినట్టు చేసి చల్లబడిపోయేది. వెనక వరసలో ఉన్నవాళ్ళ హారన్లు మొదలయ్యేవి. పక్క సీట్లోంచి మా ఆవిడ "ఏమండీ, మళ్ళీ మొదలైందా?" అనేది. మూడోసారో నాలుగోసారో ఎక్స్‌లేటర్ తొక్కిపట్టి తాళం తిప్పితే దడదడలాడుతూ లేచి, నల్లటి పొగ ఒక ముద్ద వదిలి, అర నిమిషంలో ఏమీ ఎరగనట్టు మామూలైపోయేది.

నేను టీవీలు, ఆంప్లిఫయర్లు బాగుచేసేవాణ్ణి. ఎప్పుడూ ఉండే ఫాల్టుని పట్టుకోవడం సులువు, వచ్చిపోయే ఫాల్టుతోనే చావు అని మా పనిలో అందరికీ తెలుసు. అలాంటిది సొంత కారు దగ్గరికి వచ్చేసరికి ఆ సంగతే మర్చిపోయాను. మా బావమరిది "బ్యాటరీ పోయుంటుంది బావా" అంటే బ్యాటరీ మార్చాను. ఇంకెవరో అంటే ప్లగ్గులు మార్చాను. ఆ తర్వాత పెట్రోలు ఫిల్టరు. ఏది మార్చినా ఫలితం ఒకటే. చివరికి ఒక గ్యారేజీలో ట్యాంకులో ఉండే పంపు మార్చాలన్నారు. అక్కడ కాస్త ఆగాను. పంపు పాడైతే ట్యాంకు నిండిన రోజే ఎందుకు మొరాయిస్తుంది? మిగతా రోజుల్లో ఎందుకు బుద్ధిగా పనిచేస్తుంది?

ఆఖరికి దొరికిన దొంగ బొటనవేలంత ప్లాస్టిక్ వాల్వు. అది దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. నేను మొదటి రోజు నుంచే ఏ వరసలో వెతికి ఉండాల్సిందో ఇక్కడ రాస్తున్నాను. ముఖ్యంగా ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న పెట్రోలు కార్ల గురించి. డీజిల్, సీఎన్‌జీ, బైకుల సంగతి చివర్లో కొంచెం చెప్తాను.

ముందు బంకులోంచి బయటపడాలి

కారు కింద పెట్రోలు కారుతోందేమో, నేల తడిసిందేమో ఒకసారి దిగి చూడండి. కారుతుంటే ఇక తాళం ముట్టుకోవద్దు. బంకు వాళ్ళకి చెప్పి, న్యూట్రల్‌లో పెట్టి నెట్టించండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలబారునే పాకుతుంది. చిన్న నిప్పురవ్వ చాలు.

ఏమీ కారడం లేదంటే గేరు న్యూట్రల్‌లో (ఆటోమేటిక్ అయితే పార్క్‌లో) పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, బ్రేకు మీద ఒక కాలు ఉంచండి. ఇప్పుడు ఎక్స్‌లేటర్‌ని నేలకి ఆనేదాకా పూర్తిగా తొక్కి, అలాగే పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. పంపింగ్ చేసినట్టు తొక్కి వదలడం పాత కార్బొరేటర్ బళ్ళ అలవాటు, ఇక్కడ దానివల్ల లాభం లేదు. పూర్తిగా తొక్కి పట్టుకుంటే చాలా ఇంజెక్షన్ కార్లలో కంప్యూటర్ దాన్ని "ఇంజన్‌లో పెట్రోలు ఎక్కువైంది" అనే సంకేతంగా తీసుకుంటుంది. సెల్ఫ్ తిరిగినంతసేపూ ఇంజెక్టర్లు మూసేసి ఉత్త గాలే లోపలికి పంపుతుంది. పేరుకున్న ఆవిరి పలచబడి, మంట పట్టే పాళ్ళకి రాగానే ఇంజన్ అందుకుంటుంది. అందుకున్న క్షణమే కాలు తీసేయాలి, లేకపోతే ఒక్కసారిగా అరుస్తుంది.

ఒకసారికి పది సెకన్లకి మించి సెల్ఫ్ కొట్టకండి. మధ్యలో అర నిమిషమైనా ఆగండి. సెల్ఫ్ మోటారు చాలా కరెంటు లాగుతుంది, ఊరికే తిప్పుతూ పోతే మోటారు వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. అప్పుడు ఒక జబ్బు రెండవుతుంది. నాకు ఒకసారి అదే అయింది. దాంతో "చూశావా బావా, బ్యాటరీయే అని చెప్పలేదూ" అన్న మాట కూడా పడాల్సి వచ్చింది.

ఇలా పూర్తిగా తొక్కి పట్టుకుంటేనే కారు లేస్తోందంటే మీకు సగం సమాధానం అక్కడే దొరికినట్టు. పెట్రోలు అందక కాదు, ఎక్కువై ఇబ్బంది పడుతోంది.

చెవులు, ముక్కు ఏం చెప్తున్నాయి

పనిముట్లు తీయకముందే గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. సెల్ఫ్ అసలు తిరగకుండా టక్‌మని ఆగిపోయినా, ఈసురోమని తిరిగినా అది బ్యాటరీ, టెర్మినళ్ళు, సెల్ఫ్ మోటారు వ్యవహారం. పెట్రోలు కొట్టించిన రోజే జరగడం కాకతాళీయం అయ్యుంటుంది. సెల్ఫ్ హుషారుగా తిరుగుతూ ఇంజన్ మాత్రం అందుకోకపోతే ఈ వ్యాసం మీకోసమే.

వాసన చూడండి. పొగ గొట్టం దగ్గర పచ్చి పెట్రోలు వాసన గుప్పుమంటే, లేచాక నల్ల పొగ వస్తే పాళ్ళలో పెట్రోలు ఎక్కువైనట్టు. వాసనే లేకుండా ఎంతసేపైనా ఉత్తినే తిరుగుతుంటే పెట్రోలు అందడం లేదని అనుమానించాలి. రెండు జబ్బులూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, మందులు మాత్రం పూర్తిగా వేరు. నేను మార్చిన ఫిల్టరు రెండో జబ్బుకి మందు. మాది మొదటి జబ్బు.

ఒక నోటుబుక్కు, ఒక ప్రయోగం

పెట్రోలు కొట్టించేటప్పుడు జరిగేది ఒక్క పని కాదు. ఇంజన్ వేడిగా ఉండగా ఆపుతాం. ఐదు పది నిమిషాలు అలాగే ఉంచుతాం. ట్యాంకు మూత తీస్తాం. పెట్రోలు పోస్తాం. మళ్ళీ స్టార్ట్ చేస్తాం. వీటిలో ఏది తప్పు చేయిస్తోందో తేలాలంటే ఒక్కోదాన్ని విడదీయాలి. టీవీ బోర్డు మీద ఒక్కో సెక్షన్ విడదీసి చూసినట్టే.

నేను చేసింది ఇది. ఒకరోజు అరగంట నడిపి, బంకుకి వెళ్ళకుండా రోడ్డు పక్కన ఆపి, సరిగ్గా ఎనిమిది నిమిషాలు ఆగి స్టార్ట్ చేశాను. ఒక్క తిప్పుకే లేచింది. మర్నాడు అలాగే ఆపి, ట్యాంకు మూత తీసి, మళ్ళీ బిగించి చూశాను. లేచింది. మూడోసారి బంకులో ఐదు లీటర్లే పోయించాను. కొద్దిగా తటపటాయించి లేచింది. నాలుగోసారి ఫుల్ ట్యాంక్ చేయించాను. మొరాయించింది. అదే ఫుల్ ట్యాంకుతో మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్ మీద చూస్తే పెద్దగా ఇబ్బంది లేదు.

ఈ ఐదు వరసలూ నోటుబుక్కులో రాసుకున్నాక, కిందటి నాలుగు నెలల్లో నాకు అందరూ ఇచ్చిన సలహాల్లో సగానికి పైగా కొట్టేయొచ్చని అర్థమైంది. ఎనిమిది నిమిషాల తర్వాత కూడా లేచింది కాబట్టి వేడి వల్ల కాదు. అన్నిసార్లూ సెల్ఫ్ తిరిగింది కాబట్టి బ్యాటరీ కాదు. పోసిన పెట్రోలు పెరిగేకొద్దీ జబ్బు పెరిగింది. అంటే పెట్రోలు పోయడం వల్ల ఇంకేదో కదులుతోంది.

పెట్రోలు పోయకుండా ఉత్తినే ఆపినా మీ కారు మొరాయిస్తే ఈ కింద వాల్వు గురించి చెప్పబోయేది మీకు పనికిరాకపోవచ్చు, వేడి ఇంజన్ గురించి "వాల్వు బాగానే ఉంటే" అని రాసిన భాగానికి వెళ్ళండి.

బొగ్గు డబ్బా, దాని తలుపు

ఖాళీ ట్యాంకు నిజంగా ఖాళీగా ఉండదు. పెట్రోలు లేని జాగా అంతా పెట్రోలు ఆవిరి కలిసిన గాలితో నిండి ఉంటుంది. మీరు నలభై లీటర్ల పెట్రోలు పోస్తే ఆ నలభై లీటర్ల జాగాలో ఉన్న ఆవిరి ఎక్కడికో పోవాలి. పూర్వం నేరుగా గాలిలోకి పోయేది. గాలి పాడవుతోందని కాలిఫోర్నియాలో 1970 మోడల్ కార్ల నుంచి, ఆ తర్వాతి ఏడాది అమెరికా అంతటా దాన్ని పట్టి ఉంచే ఏర్పాటు తప్పనిసరి చేశారు. తర్వాత ప్రపంచమంతా అదే దారిలో నడిచింది. దాన్నే ఎవాప్ సిస్టమ్ అంటారు.

అందులో ముఖ్యమైనది ఒక నల్లటి ప్లాస్టిక్ డబ్బా, క్యానిస్టర్. దాని నిండా యాక్టివేటెడ్ కార్బన్, అంటే బొగ్గు గింజలు. ఒక్క గ్రాము బొగ్గులో ఉండే సన్నటి రంధ్రాల గోడలన్నీ పరిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా వస్తాయి. ఆ గోడలకి పెట్రోలు ఆవిరి అంటుకుని కూర్చుంటుంది. ట్యాంకులో పుట్టే ఆవిరి ఈ డబ్బాలోకి చేరుతుంది. పెట్రోలు పోసేటప్పుడు వచ్చే ఆవిరిని కూడా ఇందులోకే మళ్ళించే ఏర్పాటు కొన్ని కార్లలో ఉంటుంది. అమెరికాలో 1998 మోడళ్ల నుంచి దశలవారీగా అది తెచ్చారు. మిగతా కార్లలో ఆ ఆవిరిలో చాలా భాగం పోసే మూతి దగ్గరే బయటికి పోతుంది, కొంత డబ్బాకి చేరుతుంది.

డబ్బా నిండిపోతే ఎలా? అందుకే డబ్బాకీ ఇంజన్‌కీ మధ్య ఒక గొట్టం, ఆ గొట్టానికి కరెంటుతో పనిచేసే ఒక తలుపు ఉంటాయి. ఆ తలుపే పర్జ్ వాల్వు. కారు పరుగెత్తుతున్నప్పుడు, ఇంజన్ వేడెక్కాక, కంప్యూటర్ దాన్ని టిక్‌టిక్‌మని తెరిచి మూస్తూ ఆవిరిని కొంచెం కొంచెంగా ఇంజన్‌లోకి లాగి కాల్చేస్తుంది. కరెంటు లేనప్పుడు అది మూసుకునే ఉండాలి.

మా కారులో అది మూసుకోవడం మానేసింది. ఎప్పుడూ తెరిచే ఉండేది. మామూలు రోజుల్లో డబ్బాలో ఆవిరి తక్కువ, కంప్యూటర్ సర్దుకునేది. ఫుల్ ట్యాంక్ చేయించిన వెంటనే మాత్రం డబ్బా కిటకిటలాడుతుంది. సెల్ఫ్ తిరగగానే ఇంజన్ ఆ ఆవిరిని పీల్చేస్తుంది. పెట్రోలు సరిగ్గా మండాలంటే ఒక వంతు పెట్రోలుకి బరువులో 14.7 వంతుల గాలి కావాలి. స్టార్టింగ్‌లో ఇంజెక్టర్లు ఎలాగూ కాస్త ఎక్కువే పోస్తాయి. దానిమీద ఈ పిలవని ఆవిరి వచ్చి పడితే ప్లగ్గు నిప్పు కొట్టినా అంటుకోదు.

వాల్వుని పట్టుకుని అడగడం

చాలా కార్లలో పర్జ్ వాల్వు బానెట్ కింద, ఇంజన్‌కి గాలి వెళ్ళే ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గర్లో ఉంటుంది. కొన్నిటిలో వెనక ట్యాంకు పక్కన పెట్టారు. నల్లటి చిన్న ప్లాస్టిక్ ముక్క, అటొక గొట్టం, ఇటొక గొట్టం, రెండు వైర్ల ప్లగ్గు ఒకటి. మొదట చూసినప్పుడు "ఇదా నన్ను ఏడిపించింది" అనిపిస్తుంది.

ఆరుబయట, పొయ్యి, సిగరెట్ లాంటివి దగ్గర్లో లేని చోట చేయాల్సిన పని ఇది. ఇంజన్ చల్లగా ఉండాలి. ఇంజన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో వదిలి, డబ్బా వైపు నుంచి వచ్చే గొట్టాన్ని వాల్వు దగ్గర ఊడదీయండి. ఏ గొట్టం ఎటుదో తెలియకపోతే, మానిఫోల్డ్‌కి వెళ్ళేదాన్ని వదిలేసి రెండోది తీయాలి. గొట్టం ఊడిన చోట వాల్వు మూతి మీద వేలు పెట్టండి. చల్లటి ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు అక్కడ పీల్పు ఉండకూడదు.

నేను వేలు పెట్టగానే చర్మం లోపలికి లాక్కుంది. వేలు తీస్తే సుయ్యిమని శబ్దం, ఇంజన్ తడబాటు. మళ్ళీ పెడితే శబ్దం ఆగి ఇంజన్ సర్దుకుంటోంది. అప్పటికీ నమ్మలేదు, కంప్యూటరే తెరుస్తోందేమో అనుకున్నాను. అందుకని రెండు వైర్ల ప్లగ్గు లాగేశాను. పీల్పు ఏమాత్రం తగ్గలేదు. స్విచ్ ఆపేసినా బల్బు వెలుగుతోందంటే స్విచ్ లోపల అతుక్కుపోయినట్టే కదా. అదే ఇది.

ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు చూస్తే వేలికి టిక్‌టిక్‌మని ఆగి ఆగి పీల్పు తగలొచ్చు. అది జబ్బు కాదు, వాల్వు దాని పని అది చేసుకుంటోంది. ప్లగ్గు లాగితే ఆగిపోవాలి, అంతే.

మల్టీమీటర్ ఉన్నవాళ్ళు వాల్వు కాయిల్ ఓమ్‌లు కొలవాలని చూస్తారు. నేనూ కొలిచాను. చాలా వాల్వుల్లో 20, 30 ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది, మీ కారు మాన్యువల్‌లో ఏముంటే అదే లెక్క. నాది నిక్షేపంలా ఉంది. కాయిల్ బాగున్నంత మాత్రాన వాల్వు బాగున్నట్టు కాదు. లోపల రబ్బరు మూత సరిగ్గా కూర్చోకపోతే మీటరుకి ఏం తెలుస్తుంది? వాల్వు బయటికి తీశాక చిన్న చేతిపంపుతోనో, సిరంజితోనో గాలి నెట్టి చూడండి. కరెంటు లేకుండా గాలి వెళ్ళకూడదు. 12 వోల్టులు ఇస్తే క్లిక్‌మని తెరుచుకుని గాలి వెళ్ళాలి. నోటితో మాత్రం ఊదకండి, పీల్చకండి. లోపల ఉండేది పెట్రోలు.

ఇంకో పరీక్ష ఉంది, నాకు బాగా నచ్చింది. ఇంటి దగ్గరే, బంకుకి బయలుదేరే ముందు, వాల్వు నుంచి మానిఫోల్డ్‌కి వెళ్ళే గొట్టం మెత్తటి రబ్బరుదైతే దాన్ని గుడ్డ చుట్టిన క్లాంపుతో గట్టిగా నొక్కేయండి. గట్టి ప్లాస్టిక్ గొట్టమైతే నొక్కొద్దు, పగిలిపోతుంది. దాన్ని ఊడదీసి రెండు మూతులకీ బిరడా బిగించండి. అలాగే వెళ్ళి ఫుల్ ట్యాంక్ చేయించి స్టార్ట్ చేయండి. ఒక్క దెబ్బకి లేచిందంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. చెక్ ఇంజన్ లైటు వెలిగితే కంగారు పడకండి. ఇంటికొచ్చాక క్లాంపు తీసేయండి, దాన్ని శాశ్వత వైద్యం చేసుకోవద్దు.

కారు కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ దొరికితే పెట్టి చూడండి. పి0496 అంటే పర్జ్ ఉండకూడని వేళ ఆవిరి పారుతోందని. పి0441 అంటే పర్జ్ పారకం తప్పుగా ఉందని. పి0172 అంటే మిశ్రమంలో పెట్రోలు ఎక్కువైందని. మా కారులో ఒక్క కోడూ లేదు. లైటు వెలగలేదు కాబట్టి ఇంజన్‌లో తప్పు లేదన్న మాట నమ్మడం వల్లే ఒక నెల వృథా అయింది. కోడ్ లేకపోయినా లైవ్ డేటాలో షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె చూడండి. ఫుల్ ట్యాంక్ చేయించి, స్టార్ట్ అయ్యాక కొన్ని నిమిషాలు అది బాగా మైనస్‌లోకి దిగుతుంటే, పిలవని పెట్రోలు ఎక్కడి నుంచో వస్తోందని కంప్యూటర్ ఇంజెక్టర్లని కట్టడి చేస్తున్నట్టు.

వాల్వు ఎందుకు పోయింది

ఊడదీసిన వాల్వుని తెల్ల కాగితం మీద తట్టాను. ఆవగింజల కన్నా సన్నటి నల్లటి గింజలు నాలుగైదు రాలాయి. వేలితో నలిపితే కాటుకలా అంటుకుంది. బొగ్గు.

డబ్బాలోని బొగ్గు ఇక్కడికెలా వచ్చింది? తప్పు నాదే. బంకులో నాజిల్ టక్కుమని ఆగాక కూడా "ఇంకొంచెం పట్టించు, రౌండ్ చేద్దాం" అనేవాణ్ణి. నాజిల్ కొసలో చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోలు ఆ రంధ్రం దాకా వచ్చి మూసేస్తే లోపలి పీల్పులో తేడా వచ్చి మీట దానంతటదే విడుదలవుతుంది. ఆ టక్కుమన్న శబ్దానికి అర్థం ట్యాంకు నిండిందని. పైన మిగిలిన జాగా ఆవిరికోసం వదిలింది. అక్కడ కూడా పోస్తే ద్రవ పెట్రోలే గొట్టాల వెంట బొగ్గు డబ్బాలోకి వెళ్ళొచ్చు. ఆవిరి కోసం చేసిన బొగ్గు ద్రవంలో నానితే పాడవుతుంది, గింజలు చితికి పొడి అవుతుంది, ఆ పొడి పర్జ్ గొట్టం వెంట వచ్చి వాల్వు మూతలో ఇరుక్కుంటుంది.

ఇక్కడ నేను చేసిన రెండో పొరపాటు కూడా చెప్పాలి. వాల్వుని క్లీనర్ స్ప్రేతో కడిగి మళ్ళీ బిగించాను. మూడు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. నాలుగో వారం మళ్ళీ అదే కథ. డబ్బాలో బొగ్గు చితికిపోయి ఉంటే కొత్త వాల్వు వేసినా గింజలు వచ్చి చేరుతూనే ఉంటాయి. తట్టినప్పుడు బొగ్గు రాలితే వాల్వుతోపాటు డబ్బా కూడా మార్చండి, మధ్య గొట్టాన్ని గాలి కొట్టి శుభ్రం చేయించండి. ఏమీ రాలకపోతే వాల్వు ఒక్కటి మారిస్తే చాలు, అది పావుగంట పని.

ఇదే కుటుంబంలో ఇంకో తలుపు ఉంది, వెంట్ వాల్వు. అది డబ్బాకీ బయటి గాలికీ మధ్య ఉంటుంది, మామూలుగా తెరిచే ఉంటుంది. అక్కడ దుమ్ము పేరుకున్నా, సాలీడు గూడు పెట్టినా లక్షణం వేరుగా ఉంటుంది. బంకులో నాజిల్ మాటిమాటికీ ఆగిపోతుంది, ట్యాంకు ఖాళీగా ఉన్నా పెట్రోలు ఎక్కనివ్వదు. మీ కష్టం అదైతే పర్జ్ వాల్వు జోలికి వెళ్ళకుండా అటు చూడండి.

వాల్వు బాగానే ఉంటే

పెట్రోలు పోయకపోయినా వేడి ఇంజన్ ఆపి పది, ఇరవై నిమిషాలకి మొరాయిస్తుంటే వేడి మీదే అనుమానం పెట్టుకోవాలి. ఇంజన్ ఆపగానే ఫ్యాను, నీళ్ళ ప్రవాహం ఆగిపోతాయి, బానెట్ కింద వేడి కాసేపు పెరుగుతూనే పోతుంది. పెట్రోలు లైన్లో ప్రెషర్ నిలవకపోతే అక్కడి పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. తాళాన్ని స్టార్ట్ దాకా తిప్పకుండా ఆన్‌లో రెండు మూడు సెకన్లు ఉంచి, ఆపి, ఇలా మూడుసార్లు చేసి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. వెంటనే లేస్తే పంపు దగ్గర ప్రెషర్ ఆపే చెక్ వాల్వో, కారుతున్న ఇంజెక్టరో కారణం. ప్రెషర్ గేజ్ పెట్టి, ఇంజన్ ఆపాక ఎంతసేపట్లో ముల్లు పడిపోతోందో చూడమని మెకానిక్‌ని అడగండి. ఇంజన్ తిరుగుడుని కంప్యూటర్‌కి చెప్పే, వేడికి చచ్చి చల్లబడ్డాక బతికే క్రాంక్ సెన్సర్, తప్పు లెక్కలు చెప్పే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ కూడా ఈ జాబితాలోవే.

కల్తీ పెట్రోలు, నీళ్ళు కలిసిన పెట్రోలు అనేది అందరికీ మొదట తోచే అనుమానం. కానీ ఆలోచించండి. పోసిన పెట్రోలు ట్యాంకులోంచి ఇంజెక్టర్ల దాకా రావడానికి కొంత సమయం పడుతుంది, అప్పటిదాకా లైన్లో పాతదే ఉంటుంది. అందుకని చెడ్డ పెట్రోలైతే సాధారణంగా బంకులో లేచి, కొంత దూరం వెళ్ళాక కుదుపులు మొదలవుతాయి. బంకులోనే లేవకపోతే ఆ అనుమానం కాస్త వెనక్కి నెట్టొచ్చు. నిజంగా తేల్చుకోవాలంటే ట్యాంకు అడుగునుంచి గాజు సీసాలోకి కొంచెం తీయించి కదపకుండా ఉంచండి. నీళ్ళుంటే అడుగున వేరే పొరగా కనిపిస్తాయి. ఇథనాల్ కలిసిన పెట్రోలు కొంత నీటిని తనలో కలుపుకుంటుంది. అది హద్దు దాటితే నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుగుకి దిగుతాయి. పంపు పీల్చేది ఆ అడుగునుంచే.

పెట్రోలు బదులు డీజిల్, డీజిల్ బదులు పెట్రోలు పోశారని తెలిస్తే తాళం ఆన్ కూడా చేయకండి. ఆన్ చేయగానే పంపు తిరిగి ఆ తప్పు ఇంధనాన్ని లైన్లన్నిటికీ పంచేస్తుంది. ట్యాంకులోనే ఉండగా తోడేయడం చాలా తేలిక.

ఎర్ర లైటు వెలిగినా రోజుల తరబడి నడిపే అలవాటుంటే పంపుని నేను కూడా అనుమానిస్తాను. ట్యాంకులో మునిగి ఉండే పంపుని చల్లబరిచేది పెట్రోలే. వెనక సీటు దగ్గర చెవి పెట్టి, ఇంకొకరిని తాళం ఆన్ చేయమనండి. రెండు సెకన్లు సన్నటి గుయ్ శబ్దం రావాలి.

డీజిల్ బళ్ళలో ఈ బొగ్గు డబ్బా, పర్జ్ వాల్వు ఉండవు. అక్కడ ట్యాంకు పూర్తిగా ఎండిపోయి లైన్లోకి గాలి చొరబడిందా, ఫిల్టర్‌లో నీళ్ళు చేరాయా అన్నది చూడాలి. సీఎన్‌జీ కార్లయితే చాలావరకు ముందు పెట్రోలు మీద లేచి తర్వాత గ్యాసుకి మారతాయి. గ్యాసు నింపించి మొరాయిస్తుంటే ట్యాంకులో నెలల తరబడి మురిగిన పెట్రోలుందా, అసలు పెట్రోలే లేదా చూసుకోండి. కంపెనీ నుంచి సీఎన్‌జీతో వచ్చే కొన్ని కార్లలో గ్యాసు మూత తెరిచి ఉంటే ఇంజన్ లేవకుండా మైక్రో స్విచ్ ఉంటుంది. మూత సరిగ్గా పడకపోయినా, స్విచ్ పాడైనా కారు కదలదు. మెకానిక్‌కి ఫోన్ చేసేముందు మూత ఒకసారి నొక్కి చూడటంలో తప్పేం లేదు.

బైకులకి కూడా కొత్త మోడళ్లలో చిన్న బొగ్గు డబ్బా ఉంటోంది. మూతి దాకా నింపితే అక్కడా ఇదే గొడవ. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోతే మాత్రం కొంత దూరం పోయాక ఆగిపోతుంది, మూత తెరిచి మూస్తే మళ్ళీ లేస్తుంది.

వాల్వు, డబ్బా రెండూ మార్పించాక వరసగా మూడుసార్లు ఫుల్ ట్యాంక్ చేయించి, ప్రతిసారీ ఎన్ని సెకన్లలో లేచిందో నోటుబుక్కులో రాశాను. నాజిల్ టక్కుమనగానే "చాలు తమ్ముడూ, ఆపెయ్" అన్నాను. మూడుసార్లూ సెకను లోపే. మూడోసారి రాస్తుంటే మా ఆవిడ ఒక చూపు చూసి, "ఏమండీ, వెనక బళ్ళున్నాయి, ఇంటికెళ్ళి రాసుకుందురుగానీ" అంది.